గోవాలో బీచ్ దాటి ఒక రోజు: గైడుతో స్థానిక జీవితం చూడటానికి సమగ్ర మార్గదర్శి

కలంగుట్‌లోనో కండోలిమ్‌లోనో దిగి, రిసార్టుకూ ఇసుకకూ మధ్య నాలుగు రోజులు గడిపి తిరిగివచ్చే మనవాళ్లలో చాలామందికి గోవావాసులు ఏం పండిస్తారో, పొద్దున్నే ఏం తింటారో, ఏ భాషలో నాటకం చూస్తారో తెలిసే అవకాశమే రాదు. ఆ బీచ్‌ల నుంచి దాదాపు 15 కిలోమీటర్లు లోపలికి వస్తే పణజి నగరం, మాండవి నది, ఆ నదిలోని దీవులు, వాటి చుట్టూ ఉప్పునీటిని గట్టు కట్టి ఆపి పండించే వరిపొలాలు మొదలవుతాయి. ఈ ప్రాంతాన్ని తీస్‌వాడి అంటారు. ముప్ఫై వాడలు అని దాని అర్థం. ఇక్కడి జీవితాన్ని ఒక్క రోజులో, గైడు సాయంతో, తొందరపాటు లేకుండా చూడటానికి ఏ క్రమంలో ఏర్పాట్లు చేసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

ముందుగా దారి నిర్ణయించుకోండి

ఒక్క రోజులో గోవా మొత్తం చూపిస్తామనే ప్యాకేజీలు ఉన్నాయి. ఒక కోట, రెండు చర్చిలు, ఒక గుడి, ఒక సుగంధ ద్రవ్యాల తోట, సాయంత్రం పడవ షికారు కలిపి ఉండే ఆ ప్రయాణంలో సగం సమయం బస్సులోనే గడిచిపోతుంది. నా మొదటి పర్యటన అలాగే జరిగింది. రోజంతా తిరిగి కూడా ఒక్క గోవా కుటుంబంతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. ఆ తరువాత వెళ్లినప్పుడల్లా ఒకే వరుసలో ఉన్న నాలుగు చోట్లకు మాత్రమే పరిమితమయ్యాను: పణజి, ఓల్డ్ గోవా, దివార్ దీవి, పోండా.

ఈ నాలుగింటినీ ఎంచుకోవడానికి దూరం తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. 1510లో పోర్చుగీసువారు గెలుచుకున్న నగరం ఓల్డ్ గోవా. అక్కడ వ్యాధులు ప్రబలి జనం తగ్గిపోయాక పెరిగి, 1843లో అధికారిక రాజధాని అయిన ఊరు పణజి. ఆ పాలనలో కొత్త మతాన్ని స్వీకరించి, పాత పొలాన్ని మాత్రం వదలకుండా నిలిచిన పల్లె దివార్. అదే కాలంలో దేవతామూర్తులతో నదులు దాటి వెళ్లినవారు గుళ్లు కట్టుకున్న చోటు పోండా. ఈ వరుసలో చూస్తే ఒక చోట విన్న కథకు మిగిలిన భాగం తరువాతి చోట దొరుకుతుంది. దక్షిణాన చాందోర్, లుటోలిమ్ గ్రామాల్లోని పెద్ద పెద్ద పాత ఇళ్లు చాలా బాగుంటాయి గానీ వాటికి మరో రోజు కేటాయించడమే మంచిది.

ఏ నెలలో వెళ్తే ఏం కనిపిస్తుంది

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. జనం రద్దీ కూడా అప్పుడే ఎక్కువ. పల్లె జీవితమే చూడదలచుకున్న వారికి వర్షాకాలాన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. జూన్‌లో వానలు పడగానే పొలాల్లో పని మొదలవుతుంది; జులై, ఆగస్టుల్లో దివార్ చుట్టూ కనుచూపు మేర వరి పచ్చగా ఉంటుంది. జూన్ 24న సావ్ జువావ్ పండుగనాడు తలకు పూలదండలు చుట్టుకొని బావుల్లోకి, కాలువల్లోకి దూకుతారు. ఆగస్టు నాలుగో శనివారం దివార్‌లో బొందెరామ్ జరుగుతుంది. ఒకప్పుడు వాడల సరిహద్దు తగాదాలు తీర్చడానికి పాలకులు జెండాలు పాతించగా, ఊరివాళ్లు వాటిని పడగొట్టిన జ్ఞాపకంగా నేటికీ జెండాల ఊరేగింపు చేస్తారు. ఆ రోజు దీవి కిక్కిరిసిపోతుంది కాబట్టి ఉత్సవం చూడాలనుకుంటేనే ఆ తేదీకి వెళ్లండి. పల్లె మామూలుగా ఎలా బతుకుతుందో చూడటానికి అది తగిన రోజు కాదు.

మార్చి నుంచి మే వరకు ఎండ ఎక్కువగానే ఉన్నా జీడిమామిడి పండ్ల నుంచి సారా తీసే భట్టీలు నడిచేది ఆ నెలల్లోనే. వినాయక చవితి రోజుల్లో హిందూ కుటుంబాలన్నీ సొంత ఊళ్లకు చేరతాయి. గైడు దొరకడమూ, భోజనం ఏర్పాటు చేయడమూ అప్పుడు కష్టమవుతాయి. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పండుగ డిసెంబరు 3న వస్తుంది. దానికి ముందు తొమ్మిది రోజులు ఓల్డ్ గోవాలో ప్రార్థనలు జరుగుతాయి కనుక ఆ సమయంలో చర్చిలు తీరిగ్గా చూసే వీలుండదు.

గైడును ఎంచుకోవడం

రోజంతా ఎలా గడుస్తుందన్నది ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి దీనికి కావలసినంత సమయం ఇవ్వండి. కనీసం వారం ముందే ఇద్దరు ముగ్గురితో ఫోనులో మాట్లాడండి. పర్యాటక శాఖలో నమోదైన గైడేనా అని అడగండి. అది కనీస అర్హత మాత్రమే. అసలు తెలుసుకోవలసినవి ఆ తరువాత వస్తాయి.

"మీది ఏ ఊరు?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. తీస్‌వాడి పల్లెల్లో పుట్టిపెరిగిన వ్యక్తికి గట్టు మీద పనిచేసే రైతు, రొట్టెలు కాల్చే కుటుంబం, వసారాలో కూర్చున్న పెద్దావిడ పేరుపేరునా తెలుసు. ఆ పరిచయమే మీకు తలుపు తీస్తుంది. రెండో ప్రశ్న భాష గురించి. కొంకణి ధారాళంగా మాట్లాడే గైడు తప్పనిసరి. మీతో హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడగలిగితే చాలు. తెలుగు గైడు కోసం పట్టుబడితే కొంకణి రాని వ్యక్తి చేతికి చిక్కే ప్రమాదం ఉంది.

మూడో ప్రశ్న కొంచెం మొహమాటంగా ఉన్నా స్పష్టంగా అడగవలసిందే: దారిలో దుకాణాల దగ్గర ఆపుతారా? కొన్ని ఏర్పాట్లలో గైడుకూ డ్రైవరుకూ దుకాణాల నుంచి కమీషన్ అందుతుంది. నేను చెప్పిన మొదటి పర్యటనలో జీడిపప్పు దుకాణంలోనూ, మద్యం దుకాణంలోనూ కలిపి దాదాపు గంటన్నర పోయింది. "దుకాణాలు వద్దు, అందుకు తగ్గట్టు మీ రుసుము పూర్తిగా చెప్పండి" అని ముందే అంటే మంచి గైడు సంతోషిస్తారు. నాలుగో విషయం, గుంపు ఎంత ఉంటుందన్నది. ఆరుగురికి మించితే ఒక ఇంటి వసారాలో కూర్చోవడం కుదరదు. పన్నెండు మంది ఒక్కసారి వాకిట్లోకి వచ్చి నిలబడితే ఏ ఇంటివాళ్లయినా ఇబ్బందిపడతారు.

చివరగా, మీరు చూడదలచుకున్నవాటిని చెప్పి, వాటిలో ఆ వారం కుదరనిది ఏదో అడగండి. ఆటుపోట్ల వేళ సరిపోదనో, రొట్టెల ఇంటివాళ్లు పెళ్లికి వెళ్లారనో చెప్పే మనిషిని నమ్మవచ్చు. అన్నీ అన్ని రోజులూ కుదురుతాయనే మాట విన్నప్పుడు మాత్రం నేను మరొకరికి ఫోను చేస్తాను.

ముందురోజు చేసుకోవలసిన పనులు

వాహనం రోజంతటికీ కుదుర్చుకోండి. గోవాలో ఓలా, ఊబర్ వంటివి నడవవు. స్థానిక ట్యాక్సీలు, గోవామైల్స్ అనే యాప్ ఉన్నాయి గానీ దీవిలోకి వెళ్లాక తిరుగు బండి దొరుకుతుందన్న భరోసా లేదు. రోజు బాడుగ సాధారణంగా 8 గంటలు, 80 కిలోమీటర్ల లెక్కన మాట్లాడతారు. మన రోజు అంతకంటే పొడవైనది కనుక అదనపు గంటలకు ఎంతో ముందే అనుకోవాలి. డ్రైవరు భోజనం, విశ్రాంతి కూడా ఆ మాటల్లోనే తేల్చండి.

మోకాళ్లు, భుజాలు కప్పే నూలు బట్టలు వేసుకోండి. చర్చికీ గుడికీ రెండింటికీ అవి పనికొస్తాయి. బురదలో నడవగలిగే చెప్పులు, గొడుగు, మంచినీళ్ల సీసా, చిల్లర నోట్లు ఉంచుకోండి. రెండు మూడు కొంకణి మాటలు నేర్చుకోండి. "దేవ్ బరే కరూఁ" అంటే దేవుడు మేలు చేయుగాక అని అర్థం. కృతజ్ఞత చెప్పడానికి గోవావాసులు వాడేది ఈ మాటనే. "కితలే?" అంటే ఎంత అని, "మాకా నాకా" అంటే నాకు వద్దు అని.

ఇక ఆటుపోట్ల సమయం. దివార్‌లో తూములు పనిచేసే తీరు చూడాలంటే నీరు వెనక్కి తగ్గే వేళకు అక్కడ ఉండాలి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒకదానికీ మరోదానికీ మధ్య దాదాపు ఆరు గంటల తేడా ఉంటుంది. పణజికి సంబంధించిన ఆటుపోట్ల పట్టిక ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 1 లోపు నీరు తీసే రోజును ఎంచుకోగలిగితే ఇక్కడ చెప్పిన క్రమం సరిగ్గా సరిపోతుంది. కుదరకపోతే దివార్‌ను ముందుకు జరిపి, ఓల్డ్ గోవాను తరువాత చూడండి.

తెల్లవారుజామున రొట్టెల ఇల్లు

ఉదయం 6 గంటలకు బయలుదేరాలి. రిసార్టులో అల్పాహారం చేయకండి. గోవా పల్లెల్లో పొద్దున్నే మొదట వినిపించేది సైకిలు మీద రొట్టెలు తెచ్చే వ్యక్తి మోగించే హారన్. ఆయనను పొదేర్ అంటారు. వెనుక వెదురు బుట్ట, దాని మీద కప్పిన బట్ట, అందులో వేడివేడి రొట్టెలు ఉంటాయి. రొట్టె చేసే విద్య పోర్చుగీసువారితో వచ్చింది. ఈస్టు దొరకని ఆ కాలంలో పిండి పొంగడానికి కొబ్బరికల్లు కలిపేవారు. దక్షిణాన మజోర్డా గ్రామస్థులే ఈ పని మొదట నేర్చుకున్నారని గోవావాసులు చెప్పుకుంటారు.

గైడు ద్వారా ముందే అనుమతి తీసుకొని, కట్టెల పొయ్యి ఇంకా వాడుతున్న ఒక రొట్టెల ఇంటికి వెళ్లండి. గుండ్రటి కప్పు ఉన్న పెద్ద పొయ్యిలో కట్టెలు కాల్చి, నిప్పులు తీసేసి, ఆ వేడికే పొడవాటి తెడ్డుతో రొట్టెలు లోపలికి జారుస్తారు. పని చాలా వేగంగా నడుస్తుంది కనుక గుమ్మం దగ్గరే నిలబడి చూడాలి. తవుడు పైన అంటి, లోపల డొల్లగా ఉండేది పొయ్. గట్టి పొరతో గుండ్రంగా ఉండేది ఉండో. సీతాకోకచిలుక రెక్కల్లా కత్తిరించినది కాత్రే. గాజు ఆకారంలో గట్టిగా, టీలో ముంచుకునేందుకు వీలుగా ఉండేది కంకణ్. చివరి పేరు విన్నప్పుడు మనకు వెంటనే అర్థమవుతుంది. ప్రతి రకం ఒక్కొక్కటి కొనుక్కొని అక్కడే టీతో తినండి. కట్టెల ధర, పిండి ధర, ఈ పనిలోకి వచ్చే పిల్లలు తగ్గడం గురించి అడిగితే రొట్టెలవాళ్లు విసుగు లేకుండా మాట్లాడతారు. పొయ్యిలోకి రొట్టెలు పెట్టడం పూర్తయ్యే వరకు మాత్రం ఆగాలి.

అక్కడి నుంచి పణజి మున్సిపల్ మార్కెట్‌కు అరగంట చాలు. మీ ప్రయాణం శుక్రవారమైతే, ఉత్తర గోవాలో బస చేసినవారు దీనికి బదులు మాపుసా సంతకు వెళ్లవచ్చు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు తమ పెరటి పంట తెచ్చి అమ్ముకునే సంత అది. కొబ్బరి వెనిగర్, ఎండు రొయ్యలు, పులుపుకు వాడే కోకం పండు తొక్కలు, దండల్లా గుచ్చిన పంది మాంసం సాసేజీలు అక్కడ చూస్తే మధ్యాహ్నం భోజనంలో ఏ రుచి ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపట్టవచ్చు. జూన్ 1 నుంచి జులై 31 వరకు మరపడవలతో సముద్ర చేపలవేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలల్లో చేపల వరుసలో నదుల్లో, పొలాల కాలువల్లో పట్టినవి ఎక్కువగా కనిపిస్తాయి.

ఫోంటైన్హాస్‌లో నడక

పణజిలోని ఫోంటైన్హాస్ వాడలో పసుపు, నీలం, ఎరుపు గోడల ఇళ్లు, ఎర్ర పెంకుల కప్పులు, ఇరుకు సందులు ఉంటాయి. ఇక్కడికి 8 లేదా 8:30కే చేరుకోండి. ఆలస్యమైతే ఫొటోలు తీసుకునేవారి గుంపులు వచ్చేస్తాయి. ఇవి ఇప్పటికీ జనం కాపురముంటున్న ఇళ్లు. తమ గుమ్మాల ముందు, మెట్ల మీద కూర్చొని గంటల తరబడి ఫొటోలు దిగే సందర్శకుల వల్ల విసిగిపోయి చాలామంది ఫొటోలు తీయవద్దని బోర్డులు పెట్టుకున్నారు. అందుకని ఇక్కడ నా నియమం ఒక్కటే: వీధిని వీధిగా దూరం నుంచి తీయవచ్చు, ఒకరి తలుపు, కిటికీ, ఆరేసిన బట్టలు, వసారాలోని మనిషి చట్రంలోకి వస్తే అడిగి తీయాలి.

సెయింట్ సెబాస్టియన్ ప్రార్థనాలయంలో ఉన్న శిలువ మీది క్రీస్తు కళ్లు తెరచి ఉంటాయి. మతవిచారణ (ఇంక్విజిషన్) న్యాయస్థానం, అంటే క్రైస్తవ మత కట్టుబాట్లు తప్పారన్నవారిని విచారించి శిక్షించే కోర్టు, ఉండిన భవనం నుంచి దాన్ని ఇక్కడికి తెచ్చారు. గోవాలో 1560లో మొదలైన ఆ విచారణ మధ్యలో కొద్ది కాలం ఆగినా 1812 వరకు సాగింది. సాయంత్రం పోండాలో గుళ్లు చూసేటప్పుడు ఈ తేదీ గుర్తుండాలి. వాడలో నడిచేటప్పుడు గోడలకు అమర్చిన నీలం, తెలుపు పలకల మీది పేర్లు, పాత కిటికీల్లో గాజుకు బదులు వాడిన పలుచటి ఆల్చిప్పలు చూపించమని గైడును అడగండి. ఆ చిప్పల గుండా వచ్చే వెలుతురు కళ్లకు ఎంతో చల్లగా ఉంటుంది.

ఓల్డ్ గోవాలో గంటన్నర

పణజి నుంచి రైబందర్ మీదుగా వెళ్లే దారిలో ఒక పక్క మాండవి, మరో పక్క మడచెట్లు, ఉప్పు మడుల నేలలు ఉంటాయి. 17వ శతాబ్దంలో కట్టిన పొడవాటి రాతి వారధి మీద మీరు వెళ్తున్నారు. దూరం 10 కిలోమీటర్లే కనుక బండిని నెమ్మదిగా పోనివ్వమనండి.

ఓల్డ్ గోవా చర్చిలు, మఠాలు 1986 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. అన్నీ చూడనవసరం లేదు, రెండు చాలు. 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగిన బామ్ జీసస్ బాసిలికాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉంది. ఎర్రని లాటరైట్ రాయి బయటికి కనిపించే ఈ గోడలు మొదటి నుంచీ ఇలా లేవు. పైనున్న గారను 1950లలో తీసేశారు. ఎండకూ వానకూ రాయి తినేయకుండా గార మళ్లీ వేయాలా వద్దా అన్న చర్చ గోవాలో ఇప్పటికీ నడుస్తోంది. ఎదురుగా ఉన్న సే కథీడ్రల్ సెయింట్ కేథరీన్ పేరున కట్టినది. పోర్చుగీసువారు నగరాన్ని గెలిచిన 1510 నవంబరు 25 ఆమె పండుగ రోజు. ప్రార్థన జరుగుతున్నప్పుడు వెనుక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చోండి. అక్కడి నుంచి వైస్రాయి తోరణం కిందుగా నడిస్తే నేరుగా పడవ రేవుకు చేరతారు.

దివార్ దీవి: ఈ రోజుకు గుండెకాయ

నది మీద వంతెన లేని ఈ వైపు నుంచి దివార్‌కు ఫెర్రీయే దారి. మన గోదావరి జిల్లాల్లో పంటు అంటారే, అలాంటిదే ఇది: కార్లు, మోటారు సైకిళ్లు, మనుషులు ఒకే బల్ల మీద దాటుతారు. ప్రయాణం కొద్ది నిమిషాలే. బండి దిగి, రెయిలింగ్ దగ్గర నిలబడి, బడిపిల్లలతో, కూరగాయల బుట్టలతో వచ్చే వారితో కలిసి దాటండి.

ఆవలి గట్టు ఎక్కగానే దారికి ఇరువైపులా ఖజాన్ భూములు వస్తాయి. ఈ రోజులో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం గడపమని చెప్పేది ఇక్కడే. సముద్రపు పోటు నది గుండా లోపలికి వచ్చినప్పుడు ఉప్పునీరు పొలాల్లోకి చేరకుండా బంకమట్టి, గడ్డి, రాయి కలిపి గట్లు కట్టారు. గట్టుకు అక్కడక్కడ తూములు ఉంటాయి. వీటిని మానస్ అంటారు. తూముకు వేలాడే చెక్క తలుపును గమనించండి. బయట పోటు పెరిగితే ఆ నీటి ఒత్తిడికే తలుపు మూసుకుంటుంది. ఆటు వేళ లోపలి నీటి ఒత్తిడికి తెరుచుకొని, పొలాల్లో ఎక్కువైన నీరు నదిలోకి పోతుంది. ఇంజను లేదు, కాపలా మనిషి రాత్రంతా మేలుకొని ఉండనవసరం లేదు. నీరు బయటికి దూకే ఆ వేళ తూము మొదట్లో వల కట్టి చేపలు, రొయ్యలు పడతారు. ఆ హక్కును వేలం వేసి, వచ్చిన డబ్బులో కొంత గట్ల మరమ్మతుకు వాడటం ఇక్కడి ఆనవాయితీ.

వానాకాలం మొదట్లో కురిసే నీటితో మట్టిలోని ఉప్పు కడుక్కుపోయాక వరి వేస్తారు. ఆ మట్టికి తట్టుకునే సంప్రదాయ వరి రకం పేరు కొర్గుట్. ఈ భూములను ఊరుమ్మడిగా చూసుకునే వ్యవస్థను గావ్‌కారీ అనేవారు. పోర్చుగీసువారు దాన్ని కొమునిదాద్ అన్నారు. 1526లోనే ఆ ఊరి కట్టుబాట్లను పాలకులు లిఖితపూర్వకంగా నమోదు చేశారు కాబట్టి, అవి వారు రాకముందు నుంచే ఉన్నాయని స్పష్టమవుతోంది. ఊరి ఆదాయంలో మొదటి వంశాల పురుషులకు దక్కే వాటాను జోణ్ అంటారు.

గట్టు మీద నడిచేటప్పుడు గైడు వెనుకే ఒకే వరుసలో నడవండి. అంచు మెత్తగా ఉంటుంది, ఒక చోట కుంగినా పోటు నీటికి గండి పడే అవకాశం ఉంటుంది. తూము తలుపును చేత్తో కదిలించకండి. గట్టు తెగి వదిలేసిన చోట మడచెట్లు పెరిగి పొలం ఆనవాలే లేకుండా పోవడం మీరే చూస్తారు. ఉద్యోగాల కోసం పిల్లలు విదేశాలకు వెళ్లిపోవడంతో గట్టు వేసేందుకు మనుషులు దొరకడం లేదని రైతులు చెప్పే మాట ఆ చెట్లను చూస్తూ వింటే బాగా అర్థమవుతుంది. నాకు గోవాలో ఎక్కువ బాధ కలిగించే దృశ్యం ఇదే.

ఆ తరువాత పియెదాద్ గ్రామంలోని కొండ మీది చర్చికి ఎక్కండి. అక్కడి నుంచి చూస్తే పొలాలు, నది, అవతల ఓల్డ్ గోవా చర్చి శిఖరాలు ఒకే చూపులో అందుతాయి. ఈ దీవిలోనే ఒకప్పుడు కదంబ రాజుల ఇలవేల్పు సప్తకోటేశ్వరుడి గుడి ఉండేది. అది ధ్వంసమయ్యాక లింగాన్ని నది దాటించి బిచోలిమ్ తాలూకాలోని నార్వేలో ప్రతిష్ఠించారు. ఆ గుడిని 1668లో శివాజీ పునరుద్ధరింపజేశాడు.

భోజనం, మధ్యాహ్నపు నిద్ర

ఒంటిగంట నుంచి నాలుగు వరకు గోవా పల్లె నిద్రపోతుంది. దుకాణాలు చాలా వరకు మూసేస్తారు. ఈ వేళలో ఎవరి తలుపూ తట్టకూడదు. అందుకే భోజనం కనీసం రెండు రోజుల ముందే గైడు ద్వారా ఒక ఇంట్లోనో, ఊరి చిన్న హోటల్లోనో చెప్పి ఉంచాలి. అన్నం, కొబ్బరితో చేసిన చేపల కూర కలిపి శీత్ కడీ అంటారు; పక్కన ఎండు రొయ్యల కిస్మూర్, కోకంతో చేసిన సోల్‌కడీ వస్తాయి. క్రైస్తవుల వంటలో పులుపుకు కొబ్బరి వెనిగర్, హిందువుల వంటలో కోకం ఎక్కువగా కనిపిస్తాయి. పంది మాంసం, గొడ్డు మాంసం తినని వారు ఆ సంగతి ముందే చెప్పాలి. శాకాహారులు భయపడనవసరం లేదు: రకరకాల కూరగాయలతో చేసే ఖత్‌ఖతే, అలసందల తోణాక్ హిందూ ఇళ్లలో రోజూ వండేవే. శ్రావణంలో అయితే చాలా ఇళ్లలో చేప ముట్టరు.

తిన్న తరువాత బల్కావ్‌లో, అంటే ఇంటి ముందున్న రెండు పక్కల రాతి బల్లల అరుగు మీద, ఇంటివాళ్లు ఆహ్వానిస్తే కూర్చోండి. మన ఊళ్లలో అరుగుల మీద సాగే కబుర్లే ఇక్కడా సాగుతాయి. ఇంటివారు లేచి లోపలికి వెళ్లే సూచన కనిపించగానే మీరూ లేవండి.

పోండా గుళ్లలో సాయంత్రం

మూడున్నరకు ఫెర్రీ దాటి పోండా తాలూకా వైపు వెళ్లండి. 16వ శతాబ్దంలో తీస్‌వాడి, బార్దేజ్, సాష్టి ప్రాంతాల్లో గుళ్లు కూల్చేసినప్పుడు భక్తులు మూర్తులను రాత్రికి రాత్రి పోర్చుగీసు హద్దు దాటించి ఇక్కడికి తెచ్చారు. కుశస్థలి, అంటే నేటి కొర్టాలిమ్, నుంచి 1560లో వచ్చిన దేవుడు మంగేశుడు. వెర్ణా నుంచి మార్దోళ్‌కు వచ్చిన దేవత మహాలస. కెళోశి నుంచి కవళేకు వచ్చిన దేవత శాంతాదుర్గ. పొద్దున ప్రార్థనాలయంలో విన్న 1560 అన్న సంవత్సరం మంగేశి గుడి ముందు నిలబడినప్పుడు మళ్లీ గుర్తుకు వస్తుంది.

మూడు గుళ్లూ తిరగకండి. మంగేశి, మార్దోళ్ ఒకదానికొకటి దగ్గరే కాబట్టి ఆ రెండూ చూసి, దీపాల వేళకు మార్దోళ్‌లో ఆగండి. ఈ గుళ్లకు గుమ్మటాలు ఉంటాయి, ఆవరణలో ఎత్తైన దీపస్తంభాలు ఉంటాయి, కప్పులు పెంకులవి. చర్చి కట్టిన పనివాళ్ల చేతి అలవాటు, మరాఠాల ప్రభావం రెండూ ఈ కట్టడంలో కలిశాయి. గర్భగుడి ఫొటోలు తీయవద్దు. దక్షిణ హుండీలో వేయండి.

మార్చి నుంచి మే మధ్య వెళ్లినవారు ఈ దారిలో ఒక జీడి భట్టీ దగ్గర ముప్పావు గంట ఆగవచ్చు. చెట్టు నుంచి రాలిన పండ్లను రాతి తొట్టిలో కాళ్లతో తొక్కి రసం తీస్తారు. చివర్లో చుక్కలుగా కారే తేట రసం నీరో. తియ్యగా ఉండే దాన్ని మద్యం ముట్టనివారు, పిల్లలు కూడా తాగవచ్చు. పులిసిన రసాన్ని ఒకసారి బట్టీ పెడితే ఉర్రాక్, మళ్లీ పెడితే ఫెనీ. ఈ ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. పలాస చుట్టుపక్కల జీడిగింజ తీసుకొని పండును వదిలేయడం చూసినవారికి ఈ ముప్పావు గంట ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. రుచి చూసేవారు గుటకతో ఆగండి. ఎండలో ఉర్రాక్ త్వరగా తలకెక్కుతుంది.

ఓపిక ఉంటే తియాత్ర్

కొంకణి రంగస్థలం తియాత్ర్ మొదటి ప్రదర్శన 1892 ఏప్రిల్ 17న బొంబాయిలో జరిగింది. ఇప్పటికీ గోవాలో దీనికి టికెట్ కొనుక్కొని వచ్చే ప్రేక్షకులు ఉన్నారు. కథ అంకాలుగా నడుస్తుంది. అంకానికీ అంకానికీ మధ్య కథతో సంబంధం లేని పాటలు వస్తాయి, వాటిని కాంతారాఁ అంటారు. ఊరి రాజకీయాలు, భూముల అమ్మకాలు, విదేశాల్లోని కొడుకులు అన్నీ ఆ పాటల్లోకి వస్తాయి. పొద్దున గట్టు మీద రైతు చెప్పిన మాటే రాత్రి వేదిక మీద పాటగా వినవచ్చు. పణజి కళా అకాడమీలో గానీ మడ్గావ్ రవీంద్ర భవన్‌లో గానీ ఆ రోజు ప్రదర్శన ఉందేమో గైడును ముందే కనుక్కోమనండి. భాష రాకపోయినా గైడు పక్కన కూర్చొని పాట సారాంశం చెబితే చాలు. మూడు గంటలు కూర్చోలేరనుకుంటే విరామం దాకా చూసి బయటికి రావచ్చు.

డబ్బు లెక్కలు, తరువాతి పనులు

గైడు రుసుము, బండి బాడుగ, ఇంటి భోజనం ఖర్చు మూడూ విడివిడిగా ఇవ్వండి. అన్నీ కలిపి ఒకరి చేతికి ఇస్తే వండిన ఇంటికి ఎంత చేరిందో మీకు తెలియదు. భోజనం డబ్బు కవరులో పెట్టి ఇంటి పెద్దావిడకే అందించడం మర్యాద. గట్టు మీద వివరంగా మాట్లాడిన రైతుకు డబ్బు చేతిలో పెడితే నొచ్చుకోవచ్చు. ఆయన దగ్గర బియ్యమో, కొబ్బరికాయలో, కూరగాయలో ఉంటే అడిగిన ధరకు కొనండి. చేపలమ్మే ఆవిడతో ఐదు పది రూపాయలకు బేరమాడకండి.

అడిగి తీసిన ఫొటోలు ఉంటే వాటిని ఫోనులోనే ఉంచేయకుండా, ఇంటికి చేరిన వారంలో కాగితం మీద ప్రింటు తీయించి గైడు చిరునామాకు పోస్టు చేయండి. రొట్టెల ఇంటికి ఒకటి, అన్నం పెట్టిన ఇంటికి ఒకటి ఆయన అందజేస్తారు. ఆ ఫొటోల వెనుక మీ పేరు, ఊరు, ఆ రోజు తేదీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పంపండి.